ఎడమ చేతి వడ్డన

విశాఖపట్నం రేవు వెనక తాళ్ళ వీధిలో తాన్ యీ అనే బర్మా ఆవిడ ఉండేది. ఆమె ఎంత కష్టాన్నయినా మోసేది గానీ, ఎవరి చేతి నుంచీ ఏదీ పుచ్చుకునేది కాదు.

ఇదొక లోపమా అని మీరు అడగవచ్చు. మా మనవరాలు కూడా అదే అడిగింది. "అది ఆత్మగౌరవం కదా తాతయ్యా?" అంది. కాదని నేను అనను. ముందు కథ వినండి.

తాళ్ళ వీధి అంటే కొబ్బరి పీచుతో పడవలకు మోకులు పేనేవాళ్ళ వీధి. ఈ చివర నుంచి ఆ చివరకు తాళ్ళు సాగదీసి ఉండేవి. నడిచేవాళ్ళు వాటి కింద నుంచి వంగి వెళ్ళాలి. నేను అప్పట్లో బి.ఏ. చదువుతూ ఆ వీధిలోనే ఒక మేడగదిలో అద్దెకుండేవాణ్ణి. పుస్తకం చూసుకుంటూ నడిచే అలవాటు నాకు. ఆ తాళ్ళు నా మెడకు ఎన్నిసార్లు తగిలాయో చెప్పలేను. సరే, అది వేరే సంగతి.

తాన్ యీ భర్త గవరయ్య మనవాడే. శ్రీకాకుళం వైపు నుంచి చిన్న వయసులో రంగూను వెళ్ళి, అక్కడ బియ్యపు మిల్లులో పనికి కుదిరి, ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది అలా వెళ్ళారు. తరవాత కాలం మారింది. వెళ్ళినవాళ్ళు మూటాముల్లె సర్దుకుని మళ్ళీ ఓడ ఎక్కవలసి వచ్చింది. గవరయ్య భార్యనూ, ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని ఈ రేవులో దిగాడు. ఓడల నుంచి బస్తాలు దించే పనిలో చేరాడు. ఏడాది తిరక్కుండానే జ్వరం తగిలి పోయాడు.

ఆమెకు ఇక్కడ నా అన్నవాళ్ళు లేరు. వెనక్కి వెళ్ళడానికి దారి లేదు. మిగిలింది ఇద్దరు పిల్లలు, భర్త నేర్పిన కాస్త తెలుగు, ఒక జంతికల గొట్టం.

ఆ గొట్టమే వాళ్ళకు అన్నం పెట్టింది. ఆమె బియ్యం నానబెట్టి, రుబ్బి, ముద్ద చేసి, గొట్టంలో పెట్టి మరుగుతున్న నీళ్ళలోకి నొక్కేది. తెల్లటి పోగులు సన్నగా దిగేవి. వాటిని వార్చి, చేపా అరటి దవ్వా వేసి కాచిన చిక్కటి పులుసు మీద పోసి, వేయించిన ఉల్లిపాయలు చల్లి ఆకు దొన్నెలో ఇచ్చేది. వాళ్ళ దేశంలో పొద్దున్నే తినేది అదేనట. తెల్లవారేసరికి రేవు గేటు ముందు బుట్టా తపేలా దించుకుని కూర్చునేది. కూలీలు దానికి బర్మా పులుసు అని పేరు పెట్టారు. ఆమెకు తానమ్మ అని పేరు పెట్టారు. ఆమె కూలీనీ, గుమాస్తానీ, రేవు దొరనీ ఒకేలా "నువ్వు" అనేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. పులుసు అంత బాగుండేది. ఈమధ్య మా అబ్బాయి ఏదో పెద్ద హోటలుకు తీసుకెళ్ళి బర్మా వంటకమని ఒకటి తినిపించాడు. అది వండినవాడు పులుసు గురించి ఎవరో చెప్పగా విన్నాడంతే.

మధ్యాహ్నాలు ఆమె చిరిగిన గోనెసంచులు కుట్టేది. పిల్లల బట్టలు ఉతికి, చెంబులో నిప్పులు వేసి ఇస్త్రీ చేసేది. కూతురు నూకరత్నం, కొడుకు సింహాద్రి ఏనాడూ పస్తున్నది లేదు, బడి మానింది లేదు. ఇదంతా ఒక్కతే చేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెయ్యెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆమె పక్కింట్లో, నా మేడమెట్లను ఆనుకుని, అచ్చియ్యమ్మ ఉండేది. మోకులు పేనే సూరన్న భార్య. నోరు పెద్దది, గిన్నె అంతకంటె పెద్దది. వీధిలో ఎవరి పొయ్యి వెలగలేదని తెలిసినా అచ్చియ్యమ్మ గిన్నె అక్కడికి చేరేది. గవరయ్య పోయిన కొత్తలో తాన్ యీ గుమ్మానికీ చేరింది.

మన వీధుల్లో ఒక పద్ధతి ఉంది. పక్కింటి నుంచి కూర వచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. కడిగి గూట్లో పెడతారు. వారమో పది రోజులో పోయాక, ఇంట్లో ఏదైనా చేసుకున్నప్పుడు అందులో కాస్త పెట్టి పంపుతారు. ఈలోగా, "మీ గిన్నె మా ఇంట్లోనే ఉందమ్మా" అని ఈవిడా, "ఉండనీ, ఎక్కడికి పోతుంది" అని ఆవిడా అనుకుంటూ ఉంటారు. గిన్నె అక్కడ ఉన్నన్నాళ్ళూ రెండిళ్ళకూ మాటలుంటాయి. గిన్నెను ఖాళీగా పంపకూడదని గవరయ్య భార్యకు చెప్పాడు గానీ, వెంటనే పంపకూడదని చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతని అతనికి తోచి ఉండదు.

తాన్ యీ పొద్దున గోంగూర పచ్చడి గిన్నె అందుకుంది. మధ్యాహ్నంలోగా అదే గిన్నె నిండా ఎండురొయ్యల వేపుడు పెట్టి తిప్పి పంపింది. అచ్చియ్యమ్మ పట్టుదల మనిషి. మర్నాడు ఇంకా పెద్ద గిన్నె పంపింది. సాయంత్రానికి అదీ నిండుగా తిరిగి వచ్చింది.

"ఇదేటయ్యా," అంది అచ్చియ్యమ్మ మొగుడితో. "పిల్లలు తింటారని నేను పెడుతుంటే, ఆ పిల్లల నోటికాడది తీసి నాకు పంపుతోంది. నేను పెట్టడం మానేస్తేనే ఆళ్ళు తింటారు."

"మరైతే మానెయ్యి," అన్నాడు సూరన్న.

ఆమె మానేసింది. మిగతా ఇళ్ళవాళ్ళూ మానేశారు. తాన్ యీ హమ్మయ్య అనుకుంది.

"ఎవరినీ ఏమీ అడగొద్దు. మన పని మనం చేసుకోవాలి," అని పిల్లలకు చెప్పేది. నూకరత్నం ఆ మాట బాగా వంటపట్టించుకుంది. పెన్సిలు అరిగిపోతే వేలి కొసలతో పట్టుకుని రాసేది గానీ కొత్తది అడిగేది కాదు. సింహాద్రికి మాత్రం వంటపట్టలేదు. వాడు వీధిలో ప్రతి ఇంట్లోనూ కూర్చుని తినేవాడు. ఆ ఇంట్లో లోకజ్ఞానం ఉన్నది వాడొక్కడికే అని సూరన్న నవ్వేవాడు.

ఇలా కొన్నేళ్ళు గడిచాయి. నూకరత్నం ఎస్సెల్సీలోకి వచ్చింది. ఆ పరీక్ష గట్టెక్కితే రేవు ఆఫీసులోనో, టెలిఫోను ఆఫీసులోనో కూర్చుని చేసే పని దొరుకుతుందని తాన్ యీ ఆశ. తన కూతురు వానలో గేటు ముందు కూర్చోకూడదు. ఆమెకు ఉన్న కోరిక అదొక్కటే.

ఆ ఏడు ముసురు పట్టింది. ఒకనాటి తెల్లవారుజామున తాన్ యీ పొయ్యి మీది పులుసు తపేలా దించి గుమ్మం దాటుతుండగా, తడిసిన మెట్టు మీద కాలు జారింది. మరుగుతున్న పులుసు కుడిచేతి మీద ఒలికింది. మోచేతి దాకా బొబ్బలెక్కింది. ఆమె కేక వెయ్యలేదు. కేక వేస్తే పక్కింటివాళ్ళు వస్తారు. చల్లనీళ్ళు పోసుకుని, ఏదో ఆకు పసరు రాసుకుని, పాత గుడ్డ చుట్టి, పైన పొడుగు చేతుల రవిక తొడుక్కుంది. దాని మీద చీర కొంగు కప్పుకుంది. మిగిలిన పులుసుతో వేళకే గేటు దగ్గర కూర్చుంది.

కుడిచెయ్యి కదలలేదు. ఎడమ చేత్తో గరిటె పట్టుకుంది.

మీకు తెలుసు కదా, మనలో ఎడమ చేత్తో అన్నం పెట్టరు. కుక్కకు వేసినా కుడిచేత్తోనే వేసే ముసలమ్మలు మా ఇంట్లో ఉండేవారు. మొదటి రోజు కూలీలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తిన్నారు. రెండోనాడు పోలయ్య మేస్త్రీ ఆకు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏటి తానమ్మా, ఎడం సేత్తో పెడుతున్నావు?"

"తిను," అంది ఆమె.

"కుడిసేత్తో పెట్టు, తింటాను."

చెయ్యి కాలిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట అంటే అయ్యో అంటారు. అయ్యో అన్నవాళ్ళు ఏదో ఒకటి ఇస్తారు. అందుకని ఆమె ఎడమ చేత్తోనే గరిటె చాపింది.

"డబ్బులెక్కువై మనమంటే లెక్క లేకుండా పోయింది," అన్నాడు పోలయ్య. ఆకు అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. అతని వెనక అతని ముఠా అంతా వెళ్ళిపోయింది. ఆ పూట పులుసు సగానికి పైగా మిగిలింది. తరవాతి రోజు ఇంకా మిగిలింది.

నూకరత్నం అది చూసింది. ఆ పిల్లకు ఒక్కదానికే చెయ్యి సంగతి తెలుసు. మర్నాడు తెల్లవారకముందే లేచి గొట్టంతో పోగులు తనే నొక్కింది. తల్లి పక్కన కూర్చుని తనే కుడిచేత్తో వడ్డించింది. కూలీలు కొద్దికొద్దిగా తిరిగి వచ్చారు.

"మరి బడో?" అంది తల్లి.

"మాకు బడి మధ్యాహ్నానికి మార్చారమ్మా," అంది నూకరత్నం.

తల్లి నమ్మింది. పిల్ల ఏనాడూ అబద్ధం ఆడి ఎరగదు. మధ్యాహ్నం పుస్తకాలు పట్టుకుని వెళ్ళేది. వెళ్ళి రేవు గోడ పక్కన కూర్చుని చదువుకుని సాయంత్రం వచ్చేది. బడికి మాత్రం వెళ్ళేది కాదు. మధ్యలో వెళితే ఎందుకు ఆలస్యమైందని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెప్పడం ఆ పిల్లకూ రాదు.

ఒకనాడు బడి ఆయా తాళ్ళ వీధికి వచ్చి, నూకరత్నం ఇల్లు ఏదని అచ్చియ్యమ్మను అడిగింది. తాన్ యీ ఇంట్లో లేదు, గోనెసంచులు తేవడానికి వెళ్ళింది. ఆయా కబురు అచ్చియ్యమ్మకే చెప్పి వెళ్ళింది. తాన్ యీ తిరిగి రాగానే అచ్చియ్యమ్మ వెళ్ళి గుమ్మంలో నిలబడింది. ఆ గుమ్మం ఎక్కి ఆమెకు ఏళ్ళయింది.

"ఒలే తానమ్మా, మీ పిల్ల బడికి రావడం లేదంట. వచ్చే సోమవారానికి రాకపోతే పరీక్షకు పేరు తీసేస్తారంట."

"బడి మధ్యాహ్నం," అంది తాన్ యీ.

"ఎవరు సెప్పారు నీకు? పొద్దున గంట కొడితే ఈ వీధంతా వినపడతాది."

అంతలో నూకరత్నం పుస్తకాలతో లోపలికి వచ్చింది. ఇద్దరి మొహాలూ చూసి తలుపు దగ్గరే ఆగిపోయింది. అచ్చియ్యమ్మ ఆ పిల్లను ఒకసారి చూసింది. ఏదో అనబోయి మానుకుని, వెనక్కి తిరిగి తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆవిడ మాట మింగడం ఆ వీధిలో ఎవరూ చూసి ఉండరు.

"బడి మానేశావా?" అంది తల్లి.

నూకరత్నం తలూపింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ చెయ్యి కాలిందని నువ్వెవరికి చెప్పావమ్మా?"

పిల్ల ఎదురు చెప్పాలని ఆ మాట అనలేదు. నిజంగా తెలియకే అడిగింది. కష్టం వస్తే ఎవరికి చెప్పాలో ఆ ఇంట్లో ఆమెకు ఎవరూ చూపించలేదు.

తాన్ యీ గోనెసంచుల మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తాను పిల్లలకు ఏ లోటూ రానివ్వలేదనుకుంది. తిండికీ బట్టకూ రానివ్వని మాట నిజమే. కానీ కూతురు తల్లి దగ్గర కూడా ఒంటరిగా ఉండడం నేర్చుకుంది. అది నేర్పింది తానే.

ఆమె లేచింది. చేతి మీద కొంగు తీసేసింది. పక్కింటి గుమ్మం దాకా నడిచింది. రెండు గుమ్మాలకూ మధ్య ఒక సన్నటి కాలవ, అంతే. రంగూను నుంచి ఓడ ఎక్కిన రోజున కూడా తన కాళ్ళు అంత బరువెక్కలేదని ఆమె తరవాత చెప్పింది.

"అప్పా," అని పిలిచింది. ఉత్తరాంధ్రలో అక్కను అప్ప అంటారు. భర్త నేర్పిన మాటల్లో అదొకటి. ఆమె దాన్ని అంతకుముందు వాడిన సందర్భం లేదు.

అచ్చియ్యమ్మ వాకిట్లో పీచు దులుపుతోంది. తలెత్తలేదు. "ఇన్నాళ్ళకు నా గుమ్మం కనబడిందేటి?" అంది.

"నా చెయ్యి కాలింది. పోగులు నొక్కలేను. వడ్డించలేను. నా కూతురు బడికి వెళ్ళాలి." ఆమె గుడ్డ చుట్టిన చెయ్యి ముందుకు చాపింది. "నాకు సాయం కావాలి."

అచ్చియ్యమ్మ తలెత్తి ఆ చేతిని చూసింది. గుడ్డ చర్మానికి అంటుకుపోయి ఉంది. చీము పట్టింది.

"నీ మొహం మండ," అంది అచ్చియ్యమ్మ. ఆ తిట్టు తిడుతూనే ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ఇలాటి సేత్తో గోనెసంచులు మోత్తున్నావా? గోడ పక్కనే మనుషులమున్నాం కదే. మేమేటి, గోడలమా?"

వెంటనే రిక్షా పిలిపించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు చూసి, ఇంకో నాలుగు రోజులు ఆగితే చెయ్యి దక్కేది కాదన్నాడు. దక్కింది గానీ రెండు వేళ్ళు బిగుసుకుపోయాయి. ఆ వేళ్ళు మళ్ళీ వంగలేదు. దాచుకున్నందుకు ఆమెకు మిగిలిన గుర్తు అది.

మర్నాడు తెల్లవారుజామున సూరన్న జంతికల గొట్టం పట్టుకున్నాడు. మోకులు పేనిన చేతులవి. అతను నొక్కిన నొక్కుకు చిల్లుల బిళ్ళ ఊడి నీళ్ళలో పడింది. దాన్ని తీసి మళ్ళీ బిగించి నొక్కితే, ముద్ద చిన్నవేలంత లావున దిగింది.

"ఇవి పోగులా, పడవ కట్టే తాళ్ళా?" అంది అచ్చియ్యమ్మ.

"గట్టిగా ఉంటే మంచిదే. కూలీలు కదా, ఆకలాగుతుంది," అన్నాడు సూరన్న.

తాన్ యీ నవ్వింది. ఆమె గట్టిగా నవ్వడం నేను వినడం అదే మొదలు. మేడ మెట్ల మీదికి వచ్చి చూశాను. ఆమె ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేలా నవ్వుతోంది.

ఆ తాళ్ళనే గేటు దగ్గరికి మోసుకెళ్ళారు. అచ్చియ్యమ్మ వడ్డనకు కూర్చుంది. పోలయ్య మేస్త్రీ దూరంగా నిలబడి చూస్తున్నాడు.

"ఏం, పోలయ్యా, ఆవిడ పొగరనుకున్నావా?" అన్నాడు సూరన్న. "సెయ్యి కాలిపోయిందిరా."

పోలయ్య మొహం చిన్నబోయింది. వచ్చి తాన్ యీ ముందు గొంతుకూర్చున్నాడు. "ఒక్క మాట సెప్పొచ్చు కదమ్మా," అన్నాడు. "మాకు మాత్రం దెబ్బలు తగలవేటి?"

"చెప్పాలి. తెలియలేదు," అంది తాన్ యీ.

పోలయ్య ఆకు చాపి, "నీ సేత్తోనే పెట్టు," అన్నాడు. ఆమె ఎడమ చేత్తో పెట్టింది. అతను తిన్నాడు. ముఠా అంతా తిన్నది. పోగులు లావుగా ఉన్నాయని ఒక్కడు కూడా అనలేదు.

చెయ్యి మానేదాకా వీధిలో ఆడవాళ్ళు వంతులు వేసుకున్నారు. ఒకరు రుబ్బేవారు, ఒకరు నొక్కేవారు, ఒకరు గేటు దగ్గర కూర్చునేవారు. నూకరత్నం సోమవారం పొద్దున గంట కొట్టకముందే బడిలో ఉంది. అచ్చియ్యమ్మ తనే వెంట వెళ్ళి హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడింది. ఏం మాట్లాడిందో తెలియదు గానీ, పరీక్షకు పేరు ఉంచారు.

కట్టు విప్పిన రోజున తాన్ యీ అచ్చియ్యమ్మ అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

"అప్పా, మేలు చేసినవాళ్ళకు మీ భాషలో ఏం చెబుతారు? నా మొగుడు ఆ మాట నేర్పలేదు."

నేను అప్పుడే కాలేజీ నుంచి వచ్చి మెట్లెక్కుతున్నాను. నాకు ఒకటి కాదు, మూడు నాలుగు సంస్కృత పదాలు గుర్తొచ్చాయి. ఒకటి అందించబోయాను. అచ్చియ్యమ్మ నన్ను ఆగమని చెయ్యి చూపించింది.

"ఏటీ సెప్పం," అంది. "మల్లీ ఏదైనా కావలిస్తే వస్తాం."

"అంతేనా?"

"అంతే. రాకపోతేనే కోపం."

తాన్ యీ ఆ మాటను మనసులో పెట్టుకుంది. అప్పటి నుంచి ఉప్పు అయిపోతే ఉప్పుకు వెళ్ళేది. వాన వస్తే గొడుగుకు వెళ్ళేది. వట్టి కబుర్లకు కూడా వెళ్ళేది. పుచ్చుకున్నది వెంటనే తిప్పి ఇవ్వాలని ఆమెకు చెయ్యి పీకుతూనే ఉండేది. అచ్చియ్యమ్మ కళ్ళు ఎర్రజేసేది. ఈమె నవ్వి ఊరుకునేది.

నూకరత్నానికి మాత్రం ఇంకొంచెం కాలం పట్టింది. పరీక్ష దగ్గరికి వచ్చాక ఒక సాయంత్రం ఆ పిల్ల మా మేడమెట్ల కింద నిలబడి ఉంది. వెళ్ళిపోతుంది, మళ్ళీ వస్తుంది. కింద తాన్ యీ రుబ్బురోలు దగ్గర ఉంది. చివరకు పిల్ల తలెత్తింది.

"మీకు లెక్కలు వచ్చా?"

"కొంచెం వచ్చు," అన్నాను. నేను చదువుతున్నది చరిత్ర.

"నాకు రావు. బడి మానినప్పుడు చెప్పినవి ఒక్కటీ తెలియదు. నేర్పుతారా?"

కింద రుబ్బురోలు చప్పుడు ఆగిపోయింది. తాన్ యీ పిండి చేత్తో అలాగే కూతురి వైపు చూస్తూ ఉంది. ఆమె మొహంలో ఆ రోజున్న సంతోషం తరవాత పరీక్ష ఫలితం వచ్చిన రోజున కూడా నాకు కనబడలేదు.

మర్నాటి నుంచి అరుగు మీద లెక్కలు చెప్పాను. అచ్చియ్యమ్మ పీచు ఏరుకుంటూ పక్కనే కాపలా కూర్చునేది. నాకు రానివి నా స్నేహితుణ్ణి అడిగి వచ్చి చెప్పేవాణ్ణి. నూకరత్నం లెక్కల్లో బొటాబొటి మార్కులతో గట్టెక్కింది. ఆ తరవాత టెలిఫోను ఆఫీసులో చేరింది. తల్లి గేటు ముందు కూర్చోవడం మాత్రం మానలేదు. కూతురు డ్యూటీకి వెళుతూ దారిలో ఆమె దగ్గర ఆగి ఒక ఆకు పులుసు తిని వెళ్ళేది.

మా మనవరాలికి ఇంతవరకూ చెప్పి, తన ప్రశ్నకు జవాబు కూడా చెప్పాను. పిల్లల కోసం కష్టాన్ని ఒంటరిగా మోయడం ధైర్యమే. కానీ అవసరం వచ్చినప్పుడు నోరు తెరిచి సాయం అడగడం, అందిన సాయాన్ని తీర్చేసి చేతులు దులుపుకోకుండా కృతజ్ఞతగా దాచుకోవడం అంతకంటె పెద్ద ధైర్యం, పిల్లలు తల్లిదండ్రుల నుంచి నేర్చుకోవలసినదీ అదే.